కౌచ్ టు 5కే: బరువైన ఒంటికి, విశాఖ ఉక్కపోతకి ఎంతవరకు పనికొస్తుంది?

సోఫాలోంచి లేచిన మనిషిని తొమ్మిది వారాల్లో ఐదు కిలోమీటర్లు పరిగెత్తిస్తానని చెప్పుకునే ప్లాను ఇది. 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికన్ వాళ్ళమ్మని పరుగులోకి దించడానికి రాశాడు. తర్వాత బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ దాన్ని ఉచిత యాప్‌గా ఇవ్వడంతో ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు ఫోన్లో ఆ పేరు కొడితే డజన్ల కొద్దీ యాప్‌లు వస్తాయి. లోపల సరుకు దాదాపు ఒకటే కాబట్టి ఇక్కడ తూకం వేస్తున్నది ఏదో ఒక యాప్‌ని కాదు, ప్లానుని.

డెబ్బై కిలోల మనిషికైతే ఐదుకి నాలుగున్నర నక్షత్రాలు ఇవ్వచ్చు. తొంభై, వంద కిలోలున్నవాళ్ళకి, అదీ ఎప్పుడూ పరిగెత్తనివాళ్ళకి, ఉన్నదున్నట్టు వాడితే మూడు. కొంచెం సాగదీసి వాడితే నాలుగు. ఆ తగ్గించిన మార్కులు ఎక్కడ పోయాయన్నదే అసలు విషయం, ఎందుకంటే అందరూ తిట్టే చోటు ఒకటి, తప్పు ఉన్న చోటు ఇంకొకటి.

ప్లాను ఇలా నడుస్తుంది. వారానికి మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. ప్రతిసారీ ముందు ఐదు నిమిషాలు చురుకైన నడక. మొదటి వారం 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, అలా 20 నిమిషాలు. రెండో వారం 90 సెకన్లు పరుగు, 2 నిమిషాలు నడక. మూడో వారం 90 సెకన్లు పరుగు, అంతే నడక, 3 నిమిషాలు పరుగు, అంతే నడక, ఈ మొత్తం రెండుసార్లు. నాలుగో వారం 3, 5, 3, 5 నిమిషాల పరుగులు, మధ్యలో ఒకటిన్నర నుంచి రెండున్నర నిమిషాల నడక. ఐదో వారం మొదటి రోజు ఐదేసి నిమిషాలు మూడుసార్లు, రెండో రోజు ఎనిమిదేసి రెండుసార్లు, మూడో రోజు ఏకబిగిన 20 నిమిషాలు. ఆరో వారం మళ్ళీ కాస్త విడగొట్టి, ఏడులో 25, ఎనిమిదిలో 28, తొమ్మిదిలో 30 నిమిషాలతో ముగుస్తుంది.

ఐదో వారం మూడో రోజు చూసి అందరూ బెదిరిపోతారు. 8 నిమిషాల నుంచి 20కి గెంతడమేంటని గోల. కానీ కాగితం తీసి ఒక్కోరోజు పరుగు నిమిషాలు మాత్రం కూడండి. మొదటి వారం 8 నిమిషాలు. రెండో వారం 9. మూడో వారం కూడా 9. నాలుగో వారం? 16. ఐదో వారం 15, 16, 20. అంటే భయపెట్టే ఆ రోజు నిజంగా పెరిగింది నాలుగు నిమిషాలే. చడీచప్పుడు లేకుండా దాదాపు 80 శాతం పెంచేసింది నాలుగో వారం.

ఆ ఏడు నిమిషాలు కాళ్ళకి ఎంతో చూడండి. మెల్లగా పరిగెత్తేవాళ్ళు నిమిషానికి అటూఇటూగా 160 అడుగులు వేస్తారు. ఏడు నిమిషాలంటే 1,120 అడుగులు అదనం. పరుగులో ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు ఆ కాలి మీద పడుతుంది. 95 కిలోల మనిషికి రెండున్నర రెట్లే వేసుకున్నా దాదాపు 240 కిలోలు. గుండె, ఊపిరితిత్తులు మూడు నాలుగు వారాల్లోనే దారికొస్తాయి. ఎముక, పిక్కని మడమకి కలిపే కండరబంధం గట్టిపడటానికి నెలలు కావాలి. అందుకే నాలుగో వారానికి ఆయాసం తగ్గి హుషారు వస్తుంది, సరిగ్గా అదే వారం కాళ్ళ మీద భారం రెట్టింపుకి దగ్గరవుతుంది. నొప్పి వెంటనే రాదు. వారం పది రోజులు నానబెట్టి ఐదో వారంలో బయటపడుతుంది. నింద పాపం ఆ 20 నిమిషాల మీద పడుతుంది.

కాబట్టి సాగదీయాల్సింది ఇలా. ముందు నాలుగు వారాలు వట్టి నడక, వారానికి ఐదు రోజులు, అరగంట చొప్పున. అరగంటలో రెండున్నర కిలోమీటర్లు దాటగలిగి, మర్నాడు కాళ్ళు మామూలుగా ఉంటే పరుగు మొదలుపెట్టచ్చు. ప్లానులో మొదటి వారం రెండుసార్లు, రెండోది ఒకసారి, మూడోది రెండుసార్లు. తర్వాత ప్లానులో లేని ఒక వంతెన వారం: 3 నిమిషాలు పరుగు, 90 సెకన్లు నడక, నాలుగుసార్లు. దీంతో 9కీ 16కీ మధ్య 12 నిమిషాల మెట్టు ఒకటి ఏర్పడుతుంది. అప్పుడు నాలుగో వారం, అదీ రెండుసార్లు. ఐదో వారం మొదటి రెండు రోజులు ఉన్నట్టే ఉంచి, మూడో రోజు 8 పరుగు, 3 నడక, 8 పరుగు. ఆపై ఒక వారం 10, 2, 10. ఇంకో వారం 12, 1, 8. ఆ తర్వాతే ఆగకుండా 20. అక్కణ్ణుంచి వారానికొకటిగా 22, 25, 28, 30.

మొత్తం ఇరవై వారాలు. దీపావళి నుంచి ఉగాదికి ఐదు చాంద్రమాన మాసాలు, అంటే ఇరవై ఒక్క వారాలు. ఒక వారం ఎక్కువే ఉంది, అది సంక్రాంతికి ఎలాగూ పోతుంది. పైగా విశాఖలో పరుగు నేర్చుకోవడానికి ఏడాది మొత్తంలో ఉన్న మంచి కాలం అదే. ఏప్రిల్‌లో మొదలుపెట్టిన కొత్తవాళ్ళలో చాలామంది మే రాకుండానే మానేయడానికి కారణం బద్ధకం కాదు, ఈ ఊరి గాలి. ఉష్ణోగ్రత 28 ఉన్నా గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందే గానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. ఒంట్లో కొవ్వు పొర మందంగా ఉన్నవాళ్ళకి వేడి బయటికి పోవడం ఇంకా ఆలస్యం. అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. యాప్‌కి ఇదేం తెలియదు, చలిదేశంలో పుట్టినది. వేసవిలో తప్పనిసరైతే ప్లానుని ఉన్న వారంలోనే ఆపేసి, అదే వారాన్ని తిప్పి తిప్పి చేయండి. ముందుకి వెళ్ళక్కర్లేదు.

ఇక వేగం. యాప్‌లో గొంతు "రన్" అనగానే పదిమందిలో తొమ్మిదిమంది బస్సు వెళ్ళిపోతున్నట్టు ఉరుకుతారు. కావలసింది అది కాదు. పరుగు భంగిమ ఉండాలి, వేగం మాత్రం నడకకి కొంచెం పైన. పక్కనున్న మనిషితో "సాయంత్రం రైతు బజారుకెళ్ళి కూరలు తేవాలి" అన్న వాక్యం మధ్యలో తెగకుండా అనగలగాలి. "సాయంత్రం... రైతు బజారు..." అని విరిగితే ఎక్కువైనట్టే. అడుగు చిన్నగా, పాదం ఒంటికి కిందే పడేలా, ముందుకి సాచకుండా. కాలు ముందుకి చాపి మడమ మీద దిగితే ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టు, ఆ దెబ్బ మోకాలికి పోతుంది. అడుగుల చప్పుడు వినండి. తప్ తప్ అని గట్టిగా మోగుతుంటే అడుగు పొడుగైందని అర్థం. ఇయర్‌ఫోన్ ఒక చెవిలోనే పెట్టుకోమనేది వాహనాల కోసమే కాదు, ఈ చప్పుడు కోసం కూడా.

ఈ వేగంలో కిలోమీటరుకి తొమ్మిది నిమిషాలు పడుతుంది. అంటే ప్లాను చివర 30 నిమిషాల్లో వచ్చేది 3.3 కిలోమీటర్లు. పేరులో ఉన్న 5కే రాదు. దీన్ని మోసం అనలేం, కొంచెం గొప్పలు చెప్పుకోవడం అనచ్చు. ఐదు కిలోమీటర్లకి 45 నిమిషాలు కావాలి. 30 వచ్చాక వారంలో మూడు పరుగుల్లో ఒక్కదాన్ని మాత్రం వారానికి 3 నిమిషాల చొప్పున పెంచండి, మిగతా రెండూ 25, 30 దగ్గరే ఉంచండి. ఐదు వారాల్లో చేరతారు.

మొదలుపెట్టే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళడం కొందరికి తప్పనిసరి: నలభై దాటినవాళ్ళు, బీపీ, షుగరు ఉన్నవాళ్ళు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళున్నవాళ్ళు. ఇన్సులిన్ గానీ, షుగరు పడిపోయేలా చేసే మాత్రలు గానీ వాడేవాళ్ళు పరగడుపున పరిగెత్తే ముందు మోతాదు గురించి అడిగి తీరాలి, జేబులో గ్లూకోజ్ పొడి ప్యాకెట్ ఉండాలి. పరుగులో ఛాతీ బిగేయడం, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకడం, కళ్ళు తిరగడం, ఉక్కలో ఉన్నట్టుండి చెమట ఆగిపోయి వణుకు రావడం, వీటిలో ఏది వచ్చినా ఆ రోజుకి యాప్ మాట వినకండి. ఆగి, సాయం పిలవండి.

ఎక్కడ పరిగెత్తాలి అన్నదానికి విశాఖలో అందరూ చెప్పేది బీచ్ రోడ్డు. తెల్లవారుజామున వాహనాలు ఆపే వేళల్లో కాళీమాత గుడి దగ్గర నుంచి కురుసుర సబ్‌మెరైన్ మీదుగా ఉడా పార్కు వైపు పోయే దారి కొత్తవాళ్ళకి బాగుంటుంది. ఎత్తుపల్లాలు తక్కువ, మనుషులుంటారు, ఎక్కడ ఆగినా కూర్చోవడానికి గట్టు ఉంటుంది. రెండు చిక్కులున్నాయి. ఒకటి ఎండ. సముద్రం తూర్పున కాబట్టి సూర్యుడు నేరుగా మొహం మీదికి వస్తాడు, నీడ అన్నది లేదు. జూన్‌లో 5:20కల్లా పొద్దు పొడుస్తుంది, జనవరిలో ఆరున్నర అవుతుంది. సీజన్ మారినకొద్దీ అలారం మార్చుకోవాలి. రెండోది గాలి. వేసవిలో నైరుతి గాలి తీరం వెంట వీస్తుంది, రుషికొండ వైపు వెళ్ళేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. హాయిగా ఉందనుకుని దూరం పోతే తిరుగుదారిలో అలిసిన కాళ్ళకి ఎదురుగాలి. అలాంటి రోజుల్లో ముందు గాలికి ఎదురుగా వెళ్ళి, తోడుగా తిరిగి రావాలి.

ఇసుకలో పరిగెత్తితే మోకాళ్ళకి మంచిదన్న సలహా మాత్రం బరువైన కొత్తవాళ్ళు పట్టించుకోవద్దు. వదులు ఇసుకలో మడమ కిందికి దిగిపోతుంది, పిక్కలు ప్రతి అడుగుకీ ఎక్కువ లాగాలి. అలల దగ్గర తడి ఇసుక గట్టిగా ఉంటుంది గానీ ఏటవాలు. ఒక కాలు ఎప్పుడూ పల్లంలో, ఒక కాలు మెరకలో. రోడ్డు అంచున పరిగెత్తినా ఇదే ఇబ్బంది, కొంచెం తక్కువ. కైలాసగిరి ఎక్కడం మంచి కసరత్తే, అది నడకకి. దిగేటప్పుడు పరుగు అసలొద్దు, మోకాలి చిప్ప మీద పడే భారం పల్లానికే ఎక్కువ. ఆంధ్రా యూనివర్సిటీ లోపలి రోడ్లకి చెట్ల నీడ ఉంది కానీ ఎత్తుపల్లాలున్నాయి, 20 నిమిషాలు ఆగకుండా వచ్చాక పనికొస్తాయి. శివాజీ పార్కు ట్రాక్ మొదటి నెల నడకలకి సరిపోతుంది. అక్కడ పరిగెత్తాలంటే నడిచే పెద్దవాళ్ళని తప్పించుకోవడమే పెద్ద పని.

డబ్బు పెట్టాల్సింది బూట్లకి, యాప్‌కి కాదు. డబ్బులడిగే యాప్‌లు ఎక్కువ ఇచ్చేదల్లా పాటలు, గ్రాఫులు, చప్పట్లు. పైన చెప్పిన మార్పులు చేయాలంటే తొమ్మిది వారాలు బిగించేసిన యాప్ కన్నా, ఏ నిమిషాలైనా పెట్టుకోనిచ్చే ఉచిత ఇంటర్వెల్ టైమర్ నయం. ఫోన్ భుజానికి కట్టుకునే పట్టీలు లావు చేతులకి అందవు, అందినా చెమటకి జారతాయి. సన్నటి నడుం బెల్టు కొనుక్కోండి.

బూట్లలో బరువైనవాళ్ళకి అసలు సమస్య వెడల్పు. పాదం నేలమీద ఆనగానే పరుచుకుంటుంది. వెడల్పు చాలక ఒక సైజు పొడుగుది కొంటారు. అప్పుడు ముందర చోటు బాగుంటుంది, వెనక మడమ ఊగుతుంది, బొబ్బలు లేస్తాయి. కొన్ని కంపెనీలు వెడల్పు విడిగా ఇస్తాయి: మగవాళ్ళకి డి మామూలు, 2ఈ వెడల్పు, 4ఈ ఇంకా వెడల్పు. ఆడవాళ్ళకి బి మామూలు, డి వెడల్పు. షాపులో ఆ అక్షరాలు అడిగితే కుర్రాళ్ళు తెల్లమొహం వేయచ్చు, పెట్టె మీద లేబుల్ మీరే చూడండి. సాయంత్రం వెళ్ళండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పరుగుకి వేసుకునే మేజోళ్ళే వేసుకెళ్ళండి. నిలబడితే పొడుగైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మూడు నుంచి ఆరు వేల మధ్యలో పరుగుకని చేసిన మామూలు జత చాలు. సోల్‌లో కార్బన్ పలక ఉన్న రేసు బూట్లు అనవసరం. జిమ్ బూట్లు, కాన్వాసు బూట్లు వద్దు. మరీ మెత్తగా, నొక్కితే దిండులా దిగిపోయే సోల్ కూడా వద్దు. అరవై కిలోల మనిషిని మోసే మెత్తదనం వంద కిలోల కింద త్వరగా అణిగిపోయి పక్కకి ఒరుగుతుంది. జతని బల్ల మీద పెట్టి వెనకనుంచి చూడండి. మడమలు లోపలికో బయటికో వాలి ఉంటే దాని పని అయిపోయినట్టే, పైన బట్ట కొత్తగా మెరుస్తున్నా సరే. తడిసిన బూట్లు ఇక్కడి తేమకి ఆరవు. లోపల పాదం కింద ఉండే అట్ట బయటికి తీసి, నలిపిన పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టాలి. డాబా మీద ఎండలో పెడితే జిగురు ఊడుతుంది.

మొహమాటంతో బయటికి చెప్పుకోని ఇబ్బంది ఒకటుంది, తొడలు ఒరుసుకుపోవడం. కొందరు పరుగు మానేది మోకాళ్ళ వల్ల కాదు, స్నానంలో నీళ్ళు పడగానే భగ్గుమనే ఆ మంట వల్ల. నూలు బట్ట చెమట పీల్చి బరువెక్కి రంపంలా కోస్తుంది. తొడ సగం దాకా వచ్చే బిగుతు సైక్లింగ్ షార్ట్స్ లోపల వేసుకుని పైన ఏదైనా వేసుకోండి. వాసెలిన్ ముందే రాయాలి, మండాక కాదు. కొబ్బరినూనె పావుగంటలో కారిపోతుంది. చంకలు, ఆడవాళ్ళకి బ్రా కింది పట్టీ ఒరిసే చోటు, మగవాళ్ళకి చనుమొనలు, వీటికీ రాయండి. ఆడవాళ్ళు బూట్లతో పాటే గట్టి పట్టున్న స్పోర్ట్స్ బ్రా కొనాలి. రెండిటికీ డబ్బు చాలకపోతే ముందు అదే కొని, బూట్లొచ్చేదాకా నడవండి.

నొప్పుల విషయంలో ప్లాను పట్టికలో ఏమీ ఉండదు, అదొక పెద్ద లోటు. రెండు కాళ్ళకీ ఒకేలా, మర్నాడు వచ్చి, కాసేపు తిరిగితే తగ్గేది కండరాల నొప్పి. దానికి భయపడక్కర్లేదు. మోకాలి కింద ముందు ఎముక లోపలి అంచు వెంట జానెడు మేర నొప్పిగా ఉంటే భారం త్వరగా పెంచారని. రెండు వారాలు వెనక్కి వెళ్ళండి. అదే ఎముక మీద బొటనవేలితో నొక్కితే ఒక్క చుక్క దగ్గరే ప్రాణం పోయినంత నొప్పి ఉంటే పరుగు పూర్తిగా ఆపి ఎముకల డాక్టర్‌ని కలవాలి. సన్నటి పగుళ్ళు మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎక్స్‌రే బాగుందని మళ్ళీ మొదలుపెట్టేయకండి. పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి అడుగుకి మడమలో మేకు దిగినట్టుంటే అది అరికాలి పట్టీ వాపు (ప్లాంటార్ ఫేషియైటిస్). మన ఇళ్ళలో గ్రానైట్ గచ్చు మీద రోజంతా వట్టి కాళ్ళతో తిరగడం దాన్ని తగ్గనివ్వదు. ఇంట్లో మెత్తటి చెప్పులు విడిగా పెట్టుకుని, గోడకి చేతులానించి పిక్కలు సాగదీయాలి. ముందు జాగ్రత్తగా వారానికి మూడు రోజులు, పరుగు లేనప్పుడు, మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు పైకి లేపి మెల్లగా దించడం 15 సార్లు, మూడు విడతలు. రెయిలింగ్ పట్టుకోండి.

బరువు తగ్గుతుందనే ఆశతో మొదలుపెట్టేవాళ్ళకి ఒక లెక్క. పరుగులో ఖర్చయ్యేది సుమారుగా కిలో బరువుకి, కిలోమీటరుకి ఒక కేలరీ. 95 కిలోల మనిషి 3.3 కిలోమీటర్లకి 310 చిల్లర. తిరిగొస్తూ బండి దగ్గర ఒక ప్లేటు పూరీ కూర తింటే అంతా తిరిగొచ్చేస్తుంది. బీచ్‌లో పొద్దున్నే అమ్మే మొలకలు, రాగి అంబలి మంచి బేరం, సాయంత్రం పరిగెత్తేవాళ్ళకి మురీ మిక్చర్ వాసనే పరీక్ష. నీళ్ళ లెక్క తెలియాలంటే బట్టలు లేకుండా ముందూ వెనకా తూగండి. తగ్గిన ప్రతి కిలో కొవ్వు కాదు, లీటరు చెమట. దాన్ని నెమ్మదిగా, ఉప్పేసిన పల్చటి మజ్జిగతో పూడ్చండి. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు లేకుండా.

45 నిమిషాలు నిలిచాక పోటీలో దిగాలనిపిస్తే ఏటా జరిగే వైజాగ్ నేవీ మారథాన్‌లో 5, 10 కిలోమీటర్ల పరుగులు కూడా ఉంటాయి. పదికి వెళ్ళాలంటే వారాంతపు పరుగుని వారానికి 5 నిమిషాలు పెంచుతూ, ప్రతి నాలుగో వారం మూడో వంతు తగ్గించండి. 4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక అనే పద్ధతిలోకి మళ్ళీ దిగడానికి మొహమాటపడకండి. పోటీ రోజు గుంపులో వెనకవైపు నిలబడి, మొదటి కిలోమీటరు తొమ్మిదిన్నర నిమిషాల్లో పోనివ్వండి. నడవాల్సి వచ్చినప్పుడు ఉన్నచోట టక్కున ఆగకండి, చెయ్యెత్తి ఎడమ అంచుకి జరిగి నడవండి. వెనకొచ్చేవాళ్ళు గుద్దుకోకుండా ఉంటారు.